మనవాళ్ళకి టికెట్టేంటి

చిరంజీవి పెద్దోడికి అమ్మ ఆశీర్వదించి రాసేది.

నేనూ మీ నాన్నా వేళకి ఇంత తింటున్నాం, లేచి పనులకి పోతున్నాం. అంతవరకు క్షేమమే. ఓడలు కట్టేచోట ఎండకి ఇనుము కాలిపోతోందని రాశావు. గ్లౌజులు లేకుండా చెయ్యి పెట్టకు. నా మోకాళ్ళ సంగతి అడిగావు. అవి నా మాట ఎప్పుడు విన్నాయి గనక! మీ నాన్న ఇప్పుడు కాస్త మాట్లాడుతున్నారు. నిన్న చెల్లి చెప్పులు తుడిచి మళ్ళీ అక్కడే పెట్టారు. నేను చూడనట్టే ఊరుకున్నాను.

జలపాతం గేటు దగ్గర టికెట్ల పని మానేశావా అన్నావు. మానలేదు. అదే కిటికీ, అదే బల్ల. చెల్లి కాలి కింద చెక్క విరిగిన ఆ వంతెనకి మాత్రం అడ్డంగా తాడు కట్టారు.

ఇక నువ్వు పంపిన కంప్లయింటు కాగితం. వంతెన చూసుకునే వడ్రంగి నిర్లక్ష్యం వల్లే చెల్లి వాగులో పడి పోయిందని రాసి, నన్ను సంతకం పెట్టమన్నావు. పదిహేను రోజులుగా అది నా దిండు కిందే ఉంది. పెట్టలేకపోయాను. ఎందుకో చెబుతాను, చివరిదాకా చదువు.

నన్ను పనిలో పెట్టుకున్న రోజే చెప్పారు, ఈ టికెట్ల డబ్బుతోనే ఇక్కడి మెట్లూ, మరుగుదొడ్లూ, వంతెనా బాగుచేసేదని. నేను చెవిన పెట్టలేదు. కొండ మీంచి పడే నీళ్ళు చూడ్డానికి డబ్బులేంటి అనుకునేదాన్ని. "పిన్నీ, మేమే", "అత్తా, మావాళ్ళు పదిమంది" అంటే చాలు, మనవాళ్ళకి టికెట్టేంటని గేటు తీసేసేదాన్ని. అంతమంది నన్ను వరస పెట్టి పిలుస్తుంటే ఎంత బాగుండేదో. "మా అమ్మ గేట్లో కూర్చుంటే ఏనుగు కూడా చుట్టమైపోతుంది" అని చెల్లి నవ్వేది.

చెల్లి పోయిన నెలకి ఆ వడ్రంగి ఇంటికెళ్ళి నోటికొచ్చినట్టు తిట్టాను. "చెక్క పుచ్చిపోయిందని నీకు తెలీదూ?" అన్నాను.

"తెలుసక్కా. మూడుసార్లు కలప అడిగాను" అని, పై ఆఫీసువాళ్ళ జవాబు తెచ్చి చేతిలో పెట్టాడు. కూడబలుక్కుని చదువుకున్నాను. టికెట్లని బట్టి చూస్తే మీ దగ్గరికొచ్చే జనం తక్కువ, జనం ఎక్కువ తిరిగే చెరువు గట్టుకి ముందు ఇస్తాం, మీకు వచ్చే ఏడాది చూస్తాం అని ఉంది.

జనం తక్కువా నాన్నా! ఆదివారమొస్తే నిలబడ్డానికి చోటుండేది కాదు. కానీ టికెట్టు చింపితేనే వాళ్ళకి మనిషి వచ్చినట్టు. నేను వదిలేసినవాళ్ళంతా ఆ వంతెనని తొక్కి తొక్కి అరగదీశారు, ఆఫీసుకి మాత్రం ఎవరూ రానట్టే. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారే, ఆ దానం చేసింది నేను.

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను. "మా బావమరిది వాళ్ళనీ నువ్వే టికెట్టు లేకుండా పంపావు కదక్కా. ఏ మొహంతో చెప్పను?" అన్నాడు.

ఇంకొకటుంది. ఇది మీ నాన్నకి కూడా తెలీదు. ఆ రోజు చెల్లి స్నేహితురాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. "అందరికీ టికెట్లివ్వమ్మా, ఇవాళ నా జీతం" అని డబ్బు బల్ల మీద పెట్టింది. "చాల్లేవే, కన్నతల్లి దగ్గర టికెట్టు కొంటావా" అని ఆ డబ్బు నేనే తిరిగి దాని గుప్పిట్లో కుక్కి గేటు తీశాను. నవ్వుకుంటూ లోపలికి పోయింది.

కాగితం దీంతోపాటే పంపుతున్నాను. వడ్రంగి పేరు కొట్టేసి, అక్కడ నా పేరు రాశాను. కింద సంతకమూ నాదే. ఎక్కడివ్వాలో అక్కడిచ్చెయ్యి. ఇవ్వడానికి చెయ్యి రాకపోతే నాకో ఉత్తరం రాయి. తిట్టి రాసినా సరే నాన్నా, రాయడం మాత్రం మానకు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ