నిండు సీసాలు

నర్సమ్మ గారికి నమస్కారం.

ఎండలో పనిచేసేటప్పుడు గంటకోసారి నీళ్లు తాగమని పోయిన వారం మీరు మా ఉపాధి కూలీలకు చెప్పి వెళ్లారు. నిన్న మా వదిన ఎస్తేరు కందకం తవ్వుతూ కళ్లు తిరిగి పడిపోయింది. ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆమె తన సీసా మూత కూడా తీయలేదు. చూస్తే ఆడవాళ్ల సీసాలన్నీ నిండుగా ఉన్నాయి, మగవాళ్లవి ఖాళీ. ఇదేం వింత అని పక్కనే తవ్వుతున్న పెద్దక్కను అడిగాను.

“గట్టుమీద కంపచెట్లన్నీ పీకేసినారు కదప్పా. నీళ్లు తాగితే ఒంటికి యాడ పోవల్ల, మరుగేదీ?” అంది.

ఈ పొద్దున నాలుగు గుంజలు పాతాను. చుట్టూ కట్టడానికి ఆసుపత్రిలో పాత పరదా ఏదైనా ఉంటే ఇప్పిస్తారా? అది కట్టాక, నీళ్లు తాగమని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇట్లు,
కూలీల మేటు