గవ్వల చుట్టబట్ట

యాడీ, నీ బిడ్డ చదువు బాగానే సాగుతోంది, కోపమే ఆగడం లేదు. ఫోన్‌లో అయితే అరుస్తానని ఈ కార్డు రాస్తున్నాను.

నెత్తిన బిందె కింద పెట్టుకునే నీ గవ్వల చుట్టబట్టను గుర్తుగా నా పెట్టెలో పెట్టావు కదా. జర్మనీలో నేనుంటున్న ఇంటావిడ హెల్గా దాన్ని ఫ్రేములో బిగించి గోడకు తగిలించింది. నిన్న వచ్చిన చుట్టాలు అది మీ రాణుల కిరీటమా అని అడిగారు. ఒళ్లు మండి, దాన్ని ఊడదీసి నెత్తిన పెట్టుకుని, నిండు బకెట్ ఎత్తుకుని వాళ్ల ముందే నడిచాను. చుక్క తొణకలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నీళ్లు మోసినందుకు చప్పట్లు కొట్టేవాళ్లను మన ఊరు కొడకండ్లలో ఎన్నడైనా చూశావా?

కారప్పొడి పంపించు, ఇక్కడి మిరపకాయకు రంగే తప్ప కారం లేదు. మేక ఈనిందా? బాపు మోకాలు ఎట్లుంది? భాగ్యక్కకు దండాలు.

"నల్లా బందయింది, యాడి బాయికాడికెల్లి నీళ్లు మోస్తున్నది" అని హరిలాల్ అన్న మొన్న ఫోన్‌లో అన్నాడు. చుట్టబట్ట ఇచ్చిన రోజు నువ్వేమో "నాకింకోటి ఉన్నది బిడ్డా" అన్నావు.

అన్నా, ఈ కార్డు చదివి వినిపిస్తున్నది నువ్వే కదా. ఆ రెండోది ఇంట్లో ఉందో లేదో వెతుకు. లేకపోతే యాడి నెత్తి తడిమి చూసి, ఎట్లుందో రాయి.

అనిత