వెర్నాన్ పెంచిన పంది

ఒరేయ్ కోల్టన్,

స్కూల్లో పందుల పెంపకం ప్రాజెక్టుకి నా డైరీ చూసి రాసుకుంటానని పిన్నితో అడిగించావు. సిగ్గులేదూ? ఐదు నెలలు రోజూ స్కూలు బస్సెక్కే ముందు నా పంది పెంట ఎత్తి, మేత కలిపి రాసుకున్నానది. నువ్వేమో పందిపిల్లని మీ జీతగాడు వెర్నాన్‌కి అప్పజెప్పి ముసుగుతన్ని పడుకున్నావు.

నిన్న కౌంటీ సంతలో, పిల్లలు పెంచిన పందుల పోటీలో, జడ్జి ముందు నువ్వు కర్రతో ఎంత తోలినా, నీ పంది తిన్నగా కంచె అవతలున్న వెర్నాన్ దగ్గరికే పరిగెత్తింది. పైగా "కొత్తచోటు కదక్కా, బెదిరింది" అంటావా? కొత్తవాడివి నువ్వేరా దానికి!

డైరీ ఇవ్వను. నీ ప్రాజెక్టు పుస్తకంలో ‘విద్యార్థి పేరు’ అన్నచోట వెర్నాన్ అని రాసెయ్. ఆయనకి అరవై దాటినా ఫరవాలేదు, పంది సాక్ష్యం చెబుతుంది.

మీ అక్క