నిండని గుంట

జూన్ 9

చిన్నదాని కళ్లు పసుపు రంగుకి తిరిగాయి. ఏడో నెల కదా, వదులుగా గౌను కుడదామని టేపు చుట్టాను. కిటికీ వైపు తిరిగినప్పుడు కనబడింది. చిన్నదంటే మా మరిది భార్య. పేరుంది కానీ ఇంట్లో ఎవరూ పిలవరు.

ఆస్పత్రిలో బ్లడ్ టెస్ట్ చేసి అడ్మిట్ చేశారు. జాండిస్. ఇది నీళ్లలోంచి వచ్చే రకమని, మామూలు మనిషికి తగ్గిపోతుంది గానీ కడుపుతో ఉన్నవాళ్లకి చాలా రిస్క్ అని డాక్టరమ్మ చెప్పింది. తల్లికా బిడ్డకా అని అడిగాను. ఇద్దరికీ అంది.

మరిది బయట బెంచీ మీద కూర్చుని తన చెప్పులు చూసుకుంటున్నాడు.

జూన్ 11

మా వీధిలో ఇంకా కొందరికి వచ్చిందట. అందరూ మా పెరటి బావి నీళ్లు తాగేవాళ్లే. కుళాయి నీళ్లు మందు వాసన కొడతాయని పొద్దున్నే బకెట్లతో వస్తారు. అత్తయ్యకి అదొక దర్బారు. బావిలోనే ఏదో ఉందని పక్కింటావిడ అనబోతే, మరి ఇన్నేళ్లూ నువ్వు తాగినవి ఏమిటమ్మా అని నోరు మూయించింది.

మా ఆయనైతే తేల్చేశాడు. వెనక మెకానిక్ షెడ్డు ఉంది, ఆయిలంతా భూమిలోకే, ఇంకెవరు చేస్తారు అన్నాడు. మా ఆయన మేస్త్రీ. ఈ వీధిలో సగం మరుగుదొడ్లు ఆయన కట్టినవే.

జూన్ 12

హెల్త్ ఆఫీసు నుంచి ల్యాబ్ అమ్మాయి వచ్చింది. బావి నీళ్లు ఒక చిన్న సీసాలో పట్టి నా కుట్టుమిషను పక్కన పెట్టింది. మురుగు క్రిములుంటే నల్లబడుతుందట. షెడ్డు ఆయిల్ ఎలాగూ నలుపే కదా మేడమ్ అన్నాడు మా ఆయన. క్రిములకి ఆయిల్ పడదండీ అని నవ్వింది.

సంగతి తేలేదాకా కాచి తాగమంది. అత్తయ్యకి నచ్చలేదు. మన ఇంటి బావి నీళ్లు కాచడమంటే సొంత అన్నదమ్ముడు గుమ్మంలోకి వస్తే జేబులు వెతికినట్టుంటుంది అంది. నేను కాచాను.

జూన్ 13

సీసా నల్లబడింది. సిరాలాగా. నిన్న అందులోంచి అవతలి గోడ కనబడింది.

జూన్ 16

ఆస్పత్రికి వెళ్లాను. చిన్నదానికి తిండి సహించడం లేదు. ఆస్పత్రి నీళ్లు గొంతు దిగడం లేదని అంటే, మరిది రోజూ ఇంటి నుంచి క్యాను తెస్తున్నాడట. కాచినవేనా అని అడిగాను. కాస్తే రుచి పోతుంది వదినా, ఆ తీపి కోసమే కదా అడిగింది అన్నాడు.

క్యాను తీసుకెళ్లి సింకులో వంచాను. చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నా చేతిలోంచి ఖాళీ క్యాను తీసుకుని దాన్నే కడగడం మొదలుపెట్టాడు. చాలాసేపు కడిగాడు.

జూన్ 18

ల్యాబ్ అమ్మాయి ఈసారి డబ్బాలో రంగు పొడి తెచ్చింది. ఇటికెల పొడిలా ఉంది గానీ నీళ్లలో కలిస్తే ఆకుపచ్చగా మారుతుందట. దీన్ని ఒకచోట పోస్తే, నీళ్లు ఎక్కడికి పోతాయో అక్కడ తేలుతుందట. మనుషులకి హాని లేదట. ముందు షెడ్డు కాలవలో పొయ్యాలని మా ఆయన పట్టుబట్టాడు.

మెకానిక్ చేతులు కట్టుకుని చూశాడు. బావిలో రంగు తేలితే వీధంతటికీ టీ నేను పోయిస్తా, తేలకపోతే మేస్త్రీ పోయించాలి అన్నాడు.

జూన్ 23

తేలలేదు. టీ మా ఆయనే పోయించాడు. మెకానిక్ రెండోసారి కూడా అడిగి తాగాడు.

అమ్మాయి మా మరుగుదొడ్డి గుంట సంగతి అడిగింది. మా ఆయనకి హుషారొచ్చింది. అందరూ నడుము లోతు తవ్వి ఊరుకుంటారు మేడమ్, నేను గులకరాళ్ల పొర తగిలేదాకా దిగుతాను, నా గుంట మనవళ్ల కాలానికి కూడా నిండదు అన్నాడు. ప్రతి ఇంట్లోనూ చెప్పే మాటే. మా ఇంటిది కట్టినప్పటి నుంచీ ఒక్కసారి కూడా తోడించలేదు. నిజమే.

మరి అదంతా ఎక్కడికి పోతోంది మేస్త్రీగారూ అని అడిగింది.

భూమి తాగేస్తుంది అన్నాడు.

మిగిలిన పొడి మా మరుగుదొడ్లో పోసింది. వెనకే బకెట్లకొద్దీ నీళ్లు.

జూన్ 26, పొద్దున

ముందు అత్తయ్య చూసింది. చేద వేసి తాడు వదిలేసి నన్ను పిలిచింది. అరవలేదు. మెల్లగా పిలిచింది.

బావి చిలకపచ్చగా ఉంది. పైన తెట్టులా కాదు, అడుగు దాకా. ఎండ ఏటవాలుగా పడుతుంటే రాతి చుట్టు లోపలి వైపంతా ఆ వెలుగే. దీపం ఏదో నీళ్ల కింద పెట్టి మరిచిపోయినట్టుంది. అంత అందమైన రంగు గుడ్డ నా చేతిలో ఎప్పుడూ పడలేదు. ఇలా అనిపించడం తప్పో ఏమో. అనిపించింది.

మా మరుగుదొడ్డి నుంచి బావికి ఒక గుడ్డ తాను విప్పి పరిస్తే, సగం విప్పేసరికే చేరిపోతాం. అంత దూరమూ రోజూ ఎండబెట్టిన బట్టలతో నడుస్తాను. నా కాళ్ల కింద ఇది నడుస్తూనే ఉంది, ఎవరికీ చప్పుడు వినబడకుండా.

జనం వచ్చారు. చుట్టూ నిలబడ్డారు. మెకానిక్ కూడా వచ్చాడు. ఒక మాట అంటాడేమో అనుకున్నాను. లోపలికి చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు.

జూన్ 26, సాయంత్రం

మా ఆయన అన్నం తినలేదు. బావి గట్టు దిగలేదు. నేను వెళ్లి పక్కన కూర్చుంటే చెప్పాడు. నాన్న ఈ బావి తవ్వించినప్పుడు నేనూ దిగాను, ఊట తగిలింది గులక పొరలోనే, ఆ సంగతి నాకు తెలుసు, గుంట ఆపిందీ గులకలోనే, ఆ సంగతీ తెలుసు, రెండూ ఎప్పుడూ కలిపి చూసుకోలేదు అన్నాడు.

తర్వాత, చిన్నదానికి చెప్పావా అని అడిగాడు.

లేదన్నాను.

జూన్ 28

బావికి రేకు మూత వేశారు. తాళం అత్తయ్యే వేసింది.

మా ఆయన తను తవ్విన గుంటలున్న ఇళ్లన్నిటికీ వెళ్లాడు. మూసెయ్యాలి, కూలి అక్కర్లేదు, అడుగు మూసిన ట్యాంకు కట్టిపెడతా అన్నాడు. ఒకాయన, మనవళ్ల కాలానికి నిండదన్నావు, మనవడు పుట్టకముందే వచ్చావేం అన్నాడట. వరసకి బాబాయి అయ్యే ఒకాయన మాత్రం లోపలికి పిలిచి మంచినీళ్లు ఇచ్చాడట. మా ఆయన గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడట. కాచినవేలేరా, తాగు అన్నాడట.

జూలై 20

మా పాత గుంట మూసేశాం. కొత్త ట్యాంకు బావికి దూరంగా, వీధి వైపు. అడుగుకి సిమెంటు తనే పూశాడు. మంచినీళ్లు నింపి, గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, మర్నాడు పొద్దున్నే బోర్లా పడుకుని తల లోపల పెట్టి చూశాడు.

నీళ్లు గీత దిగలేదు.

ఆగస్టు 14

ఆడపిల్ల. ముందుగానే పుట్టింది, బరువు తక్కువ. అద్దాల పెట్టెలో ఉంచారు. చిన్నది లేచి కూర్చుంది. ఎన్ని రాత్రులు భయపడ్డామో దానికి చెప్పం.

నేను ముందు పిల్లని చూడలేదు. చిన్నదాని కళ్లు చూశాను. తెల్లగా ఉన్నాయి.

మా ఆయన బావి సంగతంతా తనే చెప్పాడు దానికి. విని, నాకు ఆ నీళ్లంటే ఇంకా ఇష్టమే బావగారూ, ఏం చెయ్యను అందట.

సెప్టెంబర్ 30

ట్యాంకు నిండింది.

మా ఆయన పాపని ఎత్తుకుని వీధి చివరిదాకా ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చాడు. తోడే బండికి ఫోన్ చేసే ముందు నన్ను పిలిచి మూత తీశాడు. ఎక్కడికీ పోలేదు, అంతా ఇక్కడే ఉంది చూడు అన్నాడు.

ముక్కు మూసుకుని, వంగి చూశాను.