మూల తెగిన కవరు

కరీంనగర్

సత్తక్కకు సదానందం దండాలు.

నాకు కొత్త పిచ్చి పట్టింది. బిళ్ల అంటించి, తపాలా ముద్ర పడ్డ పాత కవర్లు జమ చేస్తున్న. పంపినోళ్ల కథ గూడ పక్కన రాసి పెడుతున్న. వచ్చే నెల ఇక్కడ ప్రదర్శన ఉన్నది. మీ ఖానాపూర్ల మస్కట్ పోయినోళ్లు మస్తుగున్నరు గద, ఒకటి పంపు. ముద్ర మంచిగ కనబడాలె.

నీ తమ్ముడు

తా.క. నువ్వు ప్రతి కాగితానికి నాలుగు మూలల పసుపు పెడుతవు. గా కవరుకు పెట్టకు తల్లీ!

*

తమ్మునికి అక్క దీవెనలు.

పక్కింటి ఐలవ్వ దగ్గర ఉన్నది. పెనిమిటి బాలమల్లు మస్కట్ పోయిన కొత్తల పంపిన కవరు. "నీకు కావల్సింది తీస్కొని కవరు నాకియ్యి అక్కా" అన్నది. బిళ్ల, ముద్ర ఉన్న మూల కత్తెరతోని సక్కగ కోసి ఇందుల పెట్టిన. ఐలవ్వ పత్తి ఏర పోయింది. కవరు వాళ్ల తలుపు సందుల పెట్టి గుడికి పోతున్న.

కథ: ఆ ఉత్తరం నిండ బర్రె ఎట్లున్నదని అడిగిండట. ఐలవ్వను అడుగలేదట. అప్పటి సంది ఆమె అలిగింది. ఫోనుల గూడ ఊఁ అనుడే.

సత్తమ్మ

తా.క. పసుపు పెట్టలే. చెయ్యి మాత్రం గుంజింది.

*

అక్కకు దండాలు.

కోసినవా! నాకు కావల్సిందే కవరు. ఉత్త బిళ్ల నేనేం జేసుకోవాలె? మిగిలింది జల్ది పంపు.

సదానందం

తా.క. బర్రె బాగున్నదా? చూడవచ్చినోళ్లు అడుగుతరు.

*

సదానందానికి దీవెనలు.

కవరు ముచ్చట ఎత్తకు. తలెత్తుకోలేకున్న.

మన దిక్కు మూల చింపిన ఉత్తరమంటే చావు కబురు. బాపు పోయినప్పుడు చుట్టాల కార్డుల మూలలు నేనే చింపిన. అయినా యాదికి రాలే.

ఐలవ్వ అత్త శంకరవ్వ తలుపు సందుల చూసింది. మస్కట్ కవరు, కొడుకు పేరు, మూల లేదు. ముద్రతోని తారీఖు గూడ పాయె. ఒక్క కేక పెట్టింది. చేను కాడ నుంచి ఐలవ్వ ఉరికొచ్చి మట్టిల పొర్లింది. "బర్రెను అమ్మేస్త, నువ్వు రా" అని ఒకటే ఏడ్సుడు. నేను చేతిల ప్రసాదంతోని గుడి నుంచి వచ్చిన.

అప్పుడే ఐలవ్వ ఫోను మోగింది. అండ్ల బాలమల్లు ముఖం.

"ఎవరు సచ్చిన్రే?"

"నువ్వే" అన్నరు వాడకట్టోళ్లు.

ఐలవ్వ కవరును చూసింది. నన్ను చూసింది. తిట్టినా బాగుండు. ఇప్పుడు భజనల నా పక్కన కూసుంటలేదు. నేను తాళం తప్పుతున్న.

సత్తమ్మ

తా.క. గా మూల వాపస్ పంపు.

*

అక్కకు దండాలు.

మూల ఇందుల పెట్టిన. తప్పు నాదే. మాఫ్ చెయ్యి.

సదానందం

తా.క. నవ్వినందుకు గూడ మాఫ్ చెయ్యి.

*

తమ్మునికి దీవెనలు.

మూలను మెతుకులతోని అంటించి తీస్కపోయిన. గడపల నిలబడి చేతికిచ్చిన. ఐలవ్వ లోపలికి పోయి ఇంకో కవరు తెచ్చింది. కొత్తది. బాలమల్లు రాసిండు.

"ఫోనుల నీ ఏడ్సుడు చూసిన. నామీద నీకు గింత పానమని తెల్వదు. సెలవు దొరికింది, వస్తున్న."

ఉత్తరం మొత్తంల బర్రె ముచ్చటే లేదు.

దేవునికి దండం పెట్టాల్నో, ముఖం దాచుకోవాల్నో సమజ్ కాలే. నీ సంగతి యాదికొచ్చి, మెల్లగ ఆ కొత్త కవరు అడిగిన.

"ముందుగాల కత్తెర ఇటియ్యి అక్కా" అన్నది.

భజనకు మాత్రం ఇద్దరం కలిసే పోయినం.

సత్తమ్మ

తా.క. ఆ కవరు నీకు దొరకది. నా ఈ కవరే పెట్టుకో. పంపినామె కథ నీకు తెలుసు, పేరు రాయకు. నాలుగు మూలల పసుపు పెట్టిన. ఇగ వద్దనకు.