దిబ్బల మీదికి మా ఆయన్ని పిలవకు

అక్కుపల్లి,
4 సెప్టెంబరు 2001.

త్వరలో పేరు ముందు డాక్టరు అని పెట్టుకోబోతున్న సంధ్య గారికి, పలాస బడిలో మీ పక్క బెంచీలో కూర్చున్న భాగ్యశ్రీ దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వెలా ఉన్నావని అడగను. నీకు జలుబు చేసినా, మీ ప్రొఫెసరు గారు నీమీద చిరాకుపడినా మా ఇంట్లో తెలిసిపోతుంది. మా ఆయన నీ కబుర్లన్నీ రేడియోలో వార్తలు చదివినట్టు చదువుతారు.

చుట్టూ తిప్పడం నాకు రాదు. అసలు సంగతి ముందే రాసేస్తున్నాను. ఇకమీదట మా ఆయన్ని నీ ఎర్ర దిబ్బల మీదికి పిలవకు. నీ పరిశోధనకి తోడు కావాలంటే మీ యూనివర్సిటీ నుంచి ఎవరినైనా తెచ్చుకో. తోటలు చూసుకోవలసిన మనిషిని రాళ్ళు మోసే మనిషిని చేశావు.

నిన్న నీ ఫోన్ వచ్చిందని ఎస్టీడీ బూత్ బాబ్జీ వీధి చివర నిలబడి కేకేశాడు. ఆయన తోటలో ఉన్నారు. పొయ్యి మీద చేపల పులుసు దింపకుండా, చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాను. రొప్పుతూ హలో అంటే నువ్వేమన్నావో గుర్తుందా? “భాగ్యమా, రాజేంద్ర గారు లేరా?” అన్నావు. పదహారో తారీఖు ఆదివారం పొద్దుటి బస్సుకి దిగుతున్నాను, బండి తీసుకుని స్టాపు దగ్గర ఉండమని చెప్పు అన్నావు. ఫోన్ పెట్టేసే ముందు, పాపం, పిల్లాడి గురించి కూడా అడిగావు. ఇంటికొచ్చేసరికి పులుసు అడుగంటింది. మా అత్తగారు కామేశ్వరమ్మ గారు గిన్నె చూపించి లోపలికి వెళ్ళిపోయారు, అది తిట్టిన దానికంటే ఎక్కువ. నీ కబురు మాత్రం ఆయనకి ఇంకా చెప్పలేదు. చెప్పాలో వద్దో తేల్చుకోలేకే ఈ ఉత్తరం.

మొదటిసారి వచ్చినప్పుడు ఆయన్ని “అన్నయ్య గారూ” అన్నావు. సంక్రాంతి వెళ్ళేసరికి రాజేంద్ర గారు అయ్యారు. ఇంకో ఏడాదికి ఏమవుతారో ఆ దేవుడికే తెలియాలి. ఆ మొదటిరోజు నేనూ చీర బిగించి బయల్దేరాను. పిల్లాడితో ఎండలో నీకెందుకే, హాయిగా ఇంట్లో ఉండు అన్నావు. బండి మీద ఇద్దరికే చోటు. దిబ్బలకి ఆయన, వంటకి నేను. మధ్యాహ్నం మీరిద్దరూ మోకాళ్ళదాకా ఎర్రమట్టితో వచ్చి, నేను వండిన పీతల కూర తింటూ వాన కోసిన లోయల గురించి, గాలి పేర్చిన ఇసక గురించి మాట్లాడుకున్నారు. ఇంకొంచెం కూర వెయ్యనా అని అడగడానికి తప్ప నాకు సందు దొరకలేదు.

ఆయన్ని ఎలా తయారుచేశావో చూసిపో. పిల్లాడికి జ్వరమొస్తే టెక్కలి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. తిరుగుదారిలో గ్రానైటు క్వారీ బయట నీలంరాయి ముక్కలు పడి ఉంటే బండి ఆపేశారు. తడిస్తే లోపలి మెరుపు కనిపిస్తుందని పిల్లాడి సీసాలో నీళ్ళన్నీ రాయి మీద పోశారు. వాడు దాహమని ఏడుస్తుంటే ఈయన రాయికి నీళ్ళు తాగిస్తున్నారు. అన్నం తినేటప్పుడు మరీ విచిత్రం. అన్నం, దానిమీద పప్పు, దానిమీద పచ్చడి వేసుకుని వేలితో అంచు కోసి, అడుగునున్నది ముందు పడ్డది, పైనున్నది తర్వాత పడ్డది, భూమి కూడా ఇంతేనే అంటారు. మా అత్తగారికి విసుగొచ్చి, “కలుపుకు తినరా బాబూ, ఏటలా సూత్తన్నావు? అది అన్నవేగాని సినిమా కాదు” అన్నారు. నాకు నవ్వు రాలేదు.

పక్కింటి మంగ నోరు నీకు తెలుసు కదా. నేను అరుగు మీద జీడిపిక్కలు ఆరబోస్తుంటే వచ్చి కూర్చుంది. “ఏటి భాగ్యమ్మా, మీ ఆయన ఆ సదువుకున్నమ్మని బండెక్కించుకొని దిబ్బలంట తిరుగుతన్నాడు. నువ్వేటి పిక్కలు సూసుకుంటా కూకున్నావు?” అంది. ఆవిడ నా స్నేహితురాలు అన్నాను. అది పైకి అన్నమాట. లోపల ఒళ్ళు భగ్గుమంది.

అన్నిటికంటే ఒళ్ళు మండింది ఎప్పుడో చెప్పనా? చేపలకని భావనపాడు వెళ్ళినప్పుడు ఆయన జేబులోంచి అయస్కాంతం తీశారు. ఇసకలో ఎర్రగా మెరిసేవి గార్నెట్లు, నల్లవాటిలో ఇనుముంది, కెరటం తేలిక ఇసకని లాక్కుపోయి బరువైనదాన్ని ఒడ్డున వదిలేస్తుంది, సంధ్య గారు చెప్పారు అని నాకు పాఠం మొదలుపెట్టారు. నాకు! పదో తరగతి పిక్నిక్కులో అదే ఒడ్డున, పాడైన రేడియో స్పీకరు పగలగొట్టి తీసిన అయస్కాంతానికి దారం కట్టి ఈడ్చుకుంటూ తిరిగింది ఎవరు? దానికి నల్ల ఇసక గడ్డంలా మొలిస్తే చూసి కెవ్వుమన్నది నువ్వు కాదూ? నీ చదువుకి మొదటి మేష్టారిని నేను. ఆ మాట ఆయనకి ఎప్పుడైనా చెప్పావా? చెప్పి ఉంటే నాకు పాఠం చెప్పేవారు కాదు.

ఇక ఆ నల్లరాయి సంగతి. దిబ్బల వెనక దొరికిందని తువ్వాల్లో చుట్టి తెచ్చారు. నిగనిగలాడుతోంది, ఒళ్ళంతా బుడగలు, చేతిలో తేలిగ్గా ఉంది. అగ్నిపర్వతం రాయే అయ్యుంటుంది, సంధ్య గారు ఎగిరి గంతేస్తారు అన్నారు. గుమ్మంలోంచి చూడగానే నాకు తెలిసిపోయింది. అది రాయీ కాదు రప్పా కాదు, జీడిపిక్కలు కాల్చే బట్టీలో సొన మాడి గడ్డకట్టిన ముద్ద. మా నాన్న పలాస బట్టీలో పని చేసినన్నాళ్ళూ మనిద్దరం క్యారేజీ పట్టుకెళ్ళి ఆ ముద్దలతోనే తొక్కుడుబిళ్ళ ఆడాం కదా. ఈయనకేం తెలుసు? పిక్కలు బస్తాలకెత్తి అమ్మడమే తప్ప బట్టీ గుమ్మం తొక్కిన మనిషి కాదు. నేను నోరెత్తలేదు. చాలా బాగుందండీ, సంధ్యకే ఇవ్వండి అన్నాను. నువ్వు చూస్తావు, పగలబడి నవ్వుతావు, అక్కణ్ణించి నన్ను తల్చుకుంటావు అనుకున్నాను. నువ్వు నవ్వలేదు. రెండు చేతులా అందుకుని జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నావట. ఆయన వారం రోజులు నేల మీద నడవలేదు. ఆయన మనసు నొచ్చుకుంటుందని అంత ఆలోచించినదానివి, నన్నొక్కసారి తల్చుకోలేకపోయావా?

కాబట్టి ఆయన్ని వదిలెయ్. పిక్కలకి పురుగు పడుతోంది, కొబ్బరి దింపించాలి. నీ దిబ్బలు వేల ఏళ్ళుగా ఉన్నాయట కదా, ఆయన చూడకపోతే కరిగిపోవు.

ఇంతే సంగతులు. కోపం తగ్గని,
రాజేంద్ర గారి భార్య.

తా.క.: కవరు అంటించాక మళ్ళీ చింపాను. ఇంత రాసి అబద్ధంతో పంపడం ఎందుకు? మంగ అనుకునేదేదీ నా మనసులో లేదు. ఆయనెలాంటివారో, నువ్వెలాంటిదానివో నాకు తెలుసు. నాకు అసూయగానే ఉంది, ఏడుపొచ్చేంత అసూయగా ఉంది. కానీ నీమీద కాదే, ఆయన మీద. ఆ దిబ్బల మీద నీ పక్కన నడవవలసింది నేను. నువ్వు గొంతుక్కూర్చుని మట్టి గీకుతుంటే, ఏమిటే అది, నన్ను చూడనీ అని నీ భుజం మీద పడవలసింది నేను. పెళ్ళయింది, పిల్లాడు పుట్టాడు, దీనికింక ఇవన్నీ ఎందుకులే అని నువ్వే అనేసుకున్నావు. నన్ను అడగలేదు.

మొన్న పెద్దవాన వెలిశాక పిల్లాడిని అత్తగారికి అప్పజెప్పి, పుల్లలకని చెప్పి ఒక్కదాన్నే వెళ్ళాను. దక్షిణం వైపు వాననీళ్ళు పారే గెడ్డ పక్కన దిబ్బ విరిగిపడి గోడలా తెరుచుకుంది. ఎర్రమట్టిలో సన్నటి నల్ల చారలు. కిందివన్నీ ఇటు వాలి ఉన్నాయి, వాటిమీదివి అటు వాలి ఉన్నాయి. గాలి ఒకప్పుడు ఇటు తోలి తర్వాత అటు తిరిగిందా? చెప్పేవాళ్ళు లేరు. చెయ్యి పెడితే రాలిపోతుందని ముట్టుకోలేదు. పుల్లలు మర్చిపోయి వట్టి చేతులతో ఇంటికొచ్చి తిట్లు తిన్నాను. ఇంకో గట్టి వాన పడితే ఆ గోడ ఉండదు. ఎవరికీ చూపించలేదు.

ఆదివారం స్టాపు దగ్గర నేనుంటాను. నడిచే వెళ్దాం. నువ్వొస్తున్నావని ఆయనకి చెప్పను.