పెళ్లిలో చదవాల్సిన పేర్లు

శనివారం, పార్సిప్పనీ

డేనియల్ ముత్తాత దొరికాడు! పెళ్లిలో ప్రవర చదవడానికి పెళ్లికొడుకు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు కావాలని పంతులుగారు అడిగిన దగ్గర్నుంచీ మా కాబోయే అల్లుడికి నిద్ర లేదు. ముత్తాత ఇంగ్లండులో ఓ పల్లె నుంచి అమెరికా వచ్చాడట. ఇంటిపేరూ ఆ ఊరి పేరూ తప్ప వాళ్ళింట్లో ఎవరికీ ఇంకేమీ తెలియదు.

ఇవాళ ఆ ఊరి చర్చి రిజిస్టర్లు చూసుకునే పెద్దావిడ బాప్టిజం పేజీ ఫోటో తీసి ఈమెయిల్ చేసింది. ముత్తాత పేరు థామస్. తండ్రి గొర్రెల కాపరి జాన్, తల్లి హన్నా. మా అమ్మాయి సాహితీ, డేనియలూ వంటింట్లో ఒకటే గెంతులు. ఆ సందట్లో నా పప్పు మాడింది.

"ఆంటీ, హన్నా పేరు ఎప్పుడు చదువుతారు?" అన్నాడు డేనియల్, ఇంగ్లీషులో.

"అసలు ఆడవాళ్ళ పేర్లే చదవరు నాయనా."

"వై నాట్, అమ్మా?" అంది సాహితి.

పంతులుగారికి ఫోన్ చేస్తే నవ్వేశారు. "చదువుదామమ్మా, దానికేం? మీ వైపు వాళ్ళవీ రాసి పంపండి."

హుషారుగా కాగితం తీశాను. నేను, అమ్మ, అమ్మమ్మ... హన్నాకి జోడుగా ఇంకో తరం కావాలి, అక్కడ పెన్ను ఆగిపోయింది. తెనాలిలో అక్కకి ఫోన్ చేశాను.

"అమ్మమ్మ వాళ్ళమ్మ పేరా? ఏమోనే. అమ్మమ్మ ఆవిణ్ణి అమ్మా అనేగా పిలిచేది!"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ గొర్రెల కాపరి భార్య పేరు ఇంతకాలం నిలిచింది, మా తాతమ్మ పేరు మాత్రం...

ఫోన్ పెట్టేసరికి, సాహితి చెప్పినట్టుంది, డేనియల్ లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు.

"ఆవిడది ఏ ఊరు, ఆంటీ?"